దెయ్యం బండి సంగతి సరే, ఆ కోటు సంగతేంటి?

'ది ఫాంటమ్ క్యారేజ్' పేరెత్తితే చాలు, అందరూ డబుల్ ఎక్స్‌పోజర్ (ఒకే ఫిల్ము మీద రెండుసార్లు బొమ్మ తీసే ట్రిక్కు) దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 1921 జనవరి 1న విడుదలైన ఈ స్వీడిష్ మూకీ కథ తెలిసిందే కదా: డిసెంబర్ 31 అర్ధరాత్రి గంట కొట్టేలోపు చివరగా చచ్చినవాడు ఏడాదిపాటు మృత్యువు బండి తోలాలి, ఆ వంతు తాగుబోతు డేవిడ్ హోమ్ దాకా వస్తుంది. సెల్మా లాగర్‌లోఫ్ 1912లో రాసిన నవల ఇది. డైరెక్టర్ విక్టర్ షోస్ట్రోమే హోమ్‌గా వేశాడు.

ట్రిక్కులు గొప్పవే, కాదనను. చేత్తో తిప్పే కెమెరాలో అదే ఫిల్మును వెనక్కి చుట్టి, మళ్లీ అదే వేగంతో తిప్పి, సముద్రం మీద బండిని నడిపించాడు కెమెరామన్ యూలియస్ యాన్సన్. ఆ బండి లేకపోయినా నాకు ఈ సినిమా నిలుస్తుంది. ఆ కోటు సీను లేకపోతే మాత్రం నిలవదు.

సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థలో పనిచేసే సిస్టర్ ఎడిత్ రాత్రంతా కూర్చుని హోమ్ చిరుగుల కోటుకి మాసికలు వేస్తుంది. పొద్దున్నే అతను ఎవరు కుట్టారని అడిగి, ఆమెను పిలిపించి మరీ, నవ్వుతూ, ఆమె ఎదురుగానే ఆ మాసికలన్నీ పీకేస్తాడు. కోపంతో చేస్తే అర్థం చేసుకునేవాళ్లం, సరదాగా చేస్తాడు, అదీ భయం. ఆమెకి క్షయ అంటుకున్నది కూడా ఆ కోటు వల్లే. షోస్ట్రోమ్ శైలంతా ఇక్కడుంది: నటన తగ్గించి, మొహాన్ని దీపం వెలుగులో వదిలేసి, ఫ్లాష్‌బ్యాక్‌లో ఫ్లాష్‌బ్యాక్ పెట్టి, ఆ మనిషి చేసిన పాపాన్ని ఒక్కో పొరా విప్పుతూ మనతో చూపించడం.

మద్యం మానమని చెప్పే నీతికథే కదా, చివర్లో కన్నీళ్లు మరీ ఎక్కువ కదా అంటారు కొందరు. చివరి పది నిమిషాల వరకూ ఒప్పుకుంటా. దానికి ముందున్నదాన్ని నీతికథ అంటే మాత్రం సినిమా సరిగ్గా చూడనట్టే.

అసలు నా గొడవ వేరే. సినిమా ఫంక్షన్లలో ఎన్ని వేల వీఎఫ్ఎక్స్ షాట్లో లెక్క చెప్తారు గానీ, ఆ షాట్లలో ఉన్న మనిషికి ఏమైందో ఎవరూ చెప్పరు. పాత సినిమాలను కూడా ఇప్పుడు అదే కొలబద్దతో చూస్తున్నాం, అందుకే బండి కనిపిస్తుంది, కోటు కనిపించదు. స్వీడిష్ డైరెక్టర్ ఇంగ్మార్ బెర్గ్‌మన్‌కి మాత్రం కోటు కనిపించినట్టుంది. 1957లో 'వైల్డ్ స్ట్రాబెర్రీస్' తీస్తూ ముసలి డాక్టర్ పాత్రకి షోస్ట్రోమ్‌నే తెచ్చుకున్నాడు. అప్పటికి ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు రాబోతున్నాయి. ఆ సినిమా చివర్లో కెమెరా చేసేది ఒకటే, ఆ ముసలి మొహాన్ని దగ్గర్నుంచి చూస్తూ ఉండటం.