ఎగ్జిట్ 131 దగ్గర దిగాలా, వద్దా?

బోస్టన్ నుంచి సియాటిల్‌కు మకాం మారుస్తున్నాం. సామాను ట్రక్కెక్కింది, కారు మాత్రం నడుపుకుంటూ తీసుకెళ్ళాలి. ఐ-90 హైవే ఎక్కితే దిగేది సియాటిల్‌లోనే, సుమారు 3,020 మైళ్ళు. అమెరికాలో ఇంతకంటే పొడవైన ఇంటర్‌స్టేట్ హైవే లేదు. కారులో మా ఆయన, మా తమ్ముడు. నేను పిల్లలతో విమానంలో వెళ్తున్నాను కాబట్టి నాకు ఓటు లేదన్నారు. దారిలో వింతలు చూడ్డానికి ఆగాలా వద్దా అని బయల్దేరే ముందు రాత్రి జరిగిన వాదన ఇది.

మా ఆయన: రోజుకు 600 మైళ్ళు, ఐదు రోజులు. గ్యాస్‌కి, తిండికి, బాత్రూమ్‌కి ఆగుతాం. అంతే.

తమ్ముడు: 600 మైళ్ళంటే పది గంటలు స్టీరింగ్ పట్టుకోవడం బావా. మూడో రోజుకల్లా ముందు పోయే ట్రక్కు వెనక లైట్లు తప్ప ఇంకేమీ కనబడవు. వింతలు చూడ్డం తర్వాత, ముందు కునుకు పట్టకుండా ఉండాలిగా.

మా ఆయన: దానికి రెస్ట్ ఏరియాలున్నాయి.

తమ్ముడు: ఉన్నాయి. ఒక మ్యాపు, నాలుగు బెంచీలు, ఒక వెండింగ్ మెషీన్. న్యూయార్క్, ఒహైయోల్లో టోల్ రోడ్డు కాబట్టి తిండీ గ్యాసూ రోడ్డు మీదే దొరుకుతాయి. పడమటికి పోయాక అదీ లేదు. మామూలు ఇంటర్‌స్టేట్ రెస్ట్ ఏరియాల్లో అలాంటి దుకాణాలు పెట్టకూడదని ఫెడరల్ చట్టం. ఎలాగూ ఎగ్జిట్ తీసుకోవాల్సిందే. ఆ తీసుకునేదేదో చూడదగ్గ చోట తీసుకుందాం.

మా ఆయన: అసలు సంగతికి రా. నీ లిస్టులో మక్కజొన్న ప్యాలెస్ ఉందని మీ అక్క చెప్పింది.

(చెప్పాను. ఓటు లేకపోయినా నోరుంది కదా.)

తమ్ముడు: ఉంది. సౌత్ డకోటాలో, మిచెల్ ఊళ్ళో. మొదటిది 1892లో కట్టారు, ఇప్పుడున్నది 1921 నాటిది. గోడల మీద బొమ్మలన్నీ రంగురంగుల కంకుల్ని నిలువునా చీల్చి, మేకులు కొట్టి పెట్టినవే.

మా ఆయన: పిట్టలు తినవూ?

తమ్ముడు: తింటాయి. మళ్ళీ కొత్తవి పెడతారు.

మా ఆయన: పిట్టల మేత చూడ్డానికి నేను బ్రేకు వెయ్యను. ఈ రోడ్డు పక్క వింతలన్నీ మనల్ని ఆపడానికి వేసిన వలలు. వాల్ ఊళ్ళో వాల్ డ్రగ్ సంగతే చూడు. 1931లో హస్టెడ్ దంపతులు ఓ చిన్న మందుల షాపు కొన్నారు. ఎవరూ ఆగేవాళ్ళు కాదు. 1936 ఎండల్లో ‘ఐస్ వాటర్ ఉచితం’ అని రోడ్డు మీద బోర్డులు పెట్టేసరికి జనం విరగబడ్డారు. ఇప్పటికీ ఎంతో దూరం ముందు నుంచే బోర్డులు.

తమ్ముడు: ఏసీ లేని కార్లలో, ఆ ఎండల్లో పోయేవాళ్ళకు చల్లటి నీళ్ళు ఇస్తే అది వలా బావా? అయినా వాల్‌లో ఆగుదామని నేనెక్కడన్నాను? వాల్‌లో తేలుదామన్నాను. ఎగ్జిట్ 131 దగ్గర దిగితే, బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్క్ లోంచి పోయే లూప్ రోడ్డు మనల్ని 110 దగ్గర, వాల్‌లో, మళ్ళీ హైవే ఎక్కిస్తుంది. ఆ రాష్ట్రంలో ఎగ్జిట్ నంబర్లంటే మైళ్ళ లెక్కే. హైవే మీద 21 మైళ్ళు, లూప్ మీద 40కి అటూ ఇటూ. అదనం 20 మైళ్ళే, వెనక్కి రానక్కర్లేదు. రోడ్డు పక్కనే చారలు చారలుగా మట్టి శిఖరాలు, ఏడాదికి అంగుళం చొప్పున కోసుకుపోతున్నాయి.

ఇక్కడ మా ఆయన ఫోన్ తీసి మ్యాపు చూశారు. చూసినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదన్నారు.

మా ఆయన: తర్వాత ర్యాపిడ్ సిటీ నుంచి రష్‌మోర్ కొండ అంటావు. రానూపోనూ 50 మైళ్ళు. ఒక్కోటి 60 అడుగుల మొహాలు నాలుగు. ఫోటోల్లో వందసార్లు చూశాం.

తమ్ముడు: ఫోటోలో కొండ ఎవరిదో కనబడదుగా. అది ఉన్న బ్లాక్ హిల్స్ కొండలు సూ అనే ఆదివాసీ తెగల వాళ్ళవేనని 1868 ఒప్పందంలో రాసిచ్చారు. బంగారం బయటపడింది, 1877లో లాక్కున్నారు. 1927 నుంచి 1941 దాకా అక్కడి రాతి మీదే అధ్యక్షుల మొహాలు చెక్కారు. పరిహారం ఇవ్వాల్సిందేనని 1980లో సుప్రీంకోర్టు చెప్పినా, డబ్బు వద్దు కొండలే కావాలని వాళ్ళు ఇంతవరకూ పైసా ముట్టుకోలేదు. కొద్ది దూరంలోనే సూ నాయకుడు క్రేజీ హార్స్ శిల్పం, 1948లో మొదలై ఇంకా పూర్తవలేదు. రెండూ ఒకే పూటలో చూస్తే...

మా ఆయన: ఒకే పూట! అదిగో, అక్కడే నాకు మండుతుంది. ఇంత కథ ఉందని నువ్వే చెప్పి, దానికి ఒక పూట పారేస్తావా? పార్కింగ్, సెల్ఫీ, బాత్రూమ్, మళ్ళీ కారు. ఆగితే ఒక్కచోటే ఆగుదాం, తనివితీరా చూద్దాం. ఎల్లోస్టోన్. 1872లోనే నేషనల్ పార్క్ చేశారు దాన్ని. తక్కినవన్నీ కొట్టెయ్.

(గంట కింద బాత్రూమ్‌కి తప్ప ఆగనన్న మనిషి ఈయనే.)

తమ్ముడు: ఎల్లోస్టోన్ నా లిస్టులోనే లేదు. కావాలనే తీసేశా. మోంటానాలో లివింగ్‌స్టన్ దగ్గర దిగితే ఉత్తరపు గేటుకే 50 మైళ్ళ పైన. లోపల గ్రాండ్ లూప్ రోడ్డు 142 మైళ్ళు, 45 దాటి నడపకూడదు, బైసన్ల మంద రోడ్డు మీద నిలబడితే ఆ 45 కూడా ఉండదు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ ఇంచుమించు గంటన్నరకోసారి ఎగజిమ్ముతుంది, మనం చేరేసరికి అప్పుడే అయిపోయిందంటే కూర్చోవాలి. రెండు రోజులు లేందే అందులో కాలు పెట్టకూడదు.

మా ఆయన: అంటే పెద్దది వదిలేసి చిల్లర మల్లరవి చూద్దామంటావు.

తమ్ముడు: పెద్దదానికి అక్కనీ పిల్లల్నీ తీసుకుని సియాటిల్ నుంచి ఎప్పుడైనా వెళ్తారు. మక్కజొన్న ప్యాలెస్ కోసమని మీరు జన్మలో బయల్దేరరు బావా. దారిలో తగిలినప్పుడు చూడకపోతే ఇక చూడనట్టే.

దీనికి మా ఆయన దగ్గర జవాబు లేకపోయింది. అందుకని టైమ్ మీదికి వెళ్ళారు.

మా ఆయన: మరి గంటలెక్కణ్ణించి వస్తాయి?

తమ్ముడు: పడమటికి పోతున్నాం కదా, టైమ్ జోన్లు మారతాయి. ఇండియానాలో ఒక గంట, సౌత్ డకోటా మధ్యలో ఒకటి, ఐడహోలో అడుగుపెట్టగానే ఇంకొకటి. మూడు గంటలు ఊరికే కలిసొస్తాయి.

మా ఆయన: గడియారానికి కలిసొస్తాయి, నా నడుముకు కాదు. రష్‌మోర్ వద్దు, దానికి వేరే వద్దాం. నేను మిచెల్ దాటేదాకా నడిపి పడుకుంటా. 131 దగ్గర లేపు.

తమ్ముడు: వద్దులే బావా, మీరు అలిసిపోతారు. సూ ఫాల్స్ నుంచే నాకిచ్చెయ్యండి.

సూ ఫాల్స్ మిచెల్‌కు ముందు వస్తుంది. మా ఆయన ఇంకా మ్యాపు అంత దూరం జరపలేదు.