రోప్ పోతుంది, చొక్కా ముడత పోదు
ఫైట్ సీన్లలో హీరోని పైకి లాగే రోప్‌లను ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్క క్లిక్‌తో తీసేస్తుందని ఒకచోట చదివాను. ఆ మాట నేను ఒప్పుకోలేను. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా రోటో, పెయింట్ పనే చేస్తున్నాను, అంటే షాట్‌లో మనుషుల్నీ వస్తువుల్నీ ఫ్రేము ఫ్రేముకీ గీసి విడదీయడం, అక్కర్లేనివి చెరిపేయడం. 2019లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే విజువల్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో వీడియోకి కూడా కంటెంట్ అవేర్ ఫిల్, అంటే చెరిపిన చోటుని చుట్టుపక్కల దృశ్యంతో తానే నింపేసే టూల్, వచ్చినప్పుడు మేమూ సంబరపడ్డాం. కదలని గోడ ముందు సన్నటి తీగ ఉంటే నిజంగానే బాగా తీసేస్తుంది. కానీ రోప్ హీరో భుజం మీదుగా, ఎగిరే జుట్టు మీదుగా వెళ్తేనో? వెనక దుమ్ము లేస్తుంటేనో? పోయినేడాది నాకొచ్చిన ఒక షాట్ ఐదు సెకన్లే, అంటే సెకనుకు 24 చొప్పున 120 ఫ్రేములు. రోప్ తొందరగానే పోయింది. కానీ నడుము దగ్గర హార్నెస్ (రోప్ తగిలించే బెల్టు) లాగిన చోట చొక్కా గుడారంలా పైకి లేచి ఉంది, తడి నేలలో రోప్ ప్రతిబింబం అలాగే కనబడుతోంది. ఆ ముడతల్ని ఫ్రేము ఫ్రేముకీ చేత్తో దిద్దడానికే నాలుగు రోజులు పట్టింది. నేల సంగతి ఇంకా బాధ. క్లీన్ ప్లేట్ ఉంటే, అంటే నటుడూ రోపూ లేకుండా అదే యాంగిల్‌లో ఖాళీ సెట్‌ని ఒకసారి షూట్ చేసి ఇచ్చి ఉంటే, ఆ భాగం పూటలో అయిపోయేది. సెట్‌లో అది కొన్ని నిమిషాల పని. హడావుడిలో ‘సీజీలో చూసుకుందాంలే’ అని వదిలేస్తారు. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ప్యాకప్ చెప్పేముందు ఆ ఒక్క ప్లేట్ తీయించండి.