సవరణ: చెరువు గట్ల మీద దొంగతనాలు తగ్గింది శిక్ష పెంచినందుకు కాదు

మొన్న పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి వైపు రొయ్యల చెరువుల దగ్గర రాగి వైర్ల దొంగతనాల గురించి రాస్తూ, "కొత్త చట్టంలో శిక్ష పెంచారు, అందుకే మన జిల్లాలో తగ్గాయి, బెకారియా (నేరాలు, శిక్షల మీద పుస్తకం రాసిన ఇటలీ ఆలోచనాపరుడు) చెప్పిందీ ఇదే" అన్నాను. అది సరికాదు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష పాత ఐపీసీలో లాగే 3 ఏళ్లు. రెండోసారి నేరం రుజువైతే మాత్రం ఏడాదికి తగ్గకుండా 5 ఏళ్ల దాకా. సొత్తు 5,000 రూపాయల లోపుండి, మొదటిసారై, తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే.

ఇక బెకారియా 1764లో అన్నది వేరు. శిక్ష ఎంత కఠినం అన్నదాని కన్నా, తప్పకుండా, త్వరగా పడుతుందా అన్నదే మనిషిని ఆపుతుందని. ఎప్పుడో చదివింది, నాకు కావలసినట్టు గుర్తుపెట్టుకున్నాను.

అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు కోహెన్, ఫెల్సన్ 1979లో చెప్పిన లెక్క మా గట్టుకు బాగా అతుకుతుంది. దొంగబుద్ధి ఉన్నవాడు, ఎత్తుకెళ్లడానికి వీలైన సరుకు, చూసేవాడు లేకపోవడం, ఈ మూడూ ఒకచోట కలిస్తేనే దొంగతనం. మా బాబాయి కాపలా పాకను ఏరియేటర్ల (చెరువు నీళ్లకు గాలి అందించే యంత్రాలు) స్విచ్ బోర్డు పక్కకి మార్చాడు. రాత్రి రెండింటికి కుర్రాడు టార్చి వేసుకుని గట్టంతా తిరుగుతాడు. పట్టుబడి (రొయ్యలదే, దొంగలది కాదు) అయిన సాయంత్రమే వైరు చుట్టి ఇంటికి తెచ్చేస్తున్నారు.

ఒక్క గట్టు చూసి జిల్లా మొత్తానికి చెప్పడమూ తొందరపాటే. ఆ వాక్యం తీసేశాను.