చిక్కిన సోడియం, చిక్కుకున్న మావయ్య

సైన్స్ ఎగ్జిబిషన్ రేపు పొద్దున్న అనగా ఇవాళ సాయంత్రం ఏడింటికి బయటపడే మాట ఒకటుంది: "అమ్మా, మోడల్ చెయ్యాలి." ఇంటర్ సెకండియర్ అబ్బాయి వంతుకి ఉప్పు వచ్చింది. అంటే థర్మోకోల్ ఉండలతో సోడియం క్లోరైడ్ స్ఫటికం. సరిగ్గా ఆ రోజే మావయ్య ఊళ్లో ఉండటం వాడి గ్రహచారం.

మావయ్యకి ఆవర్తన పట్టిక కంఠతా వచ్చు. "ఒకే పీరియడ్‌లో, అంటే అడ్డ వరసలో, ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ పరమాణువు చిన్నదవుతుందిరా. సోడియం వ్యాసార్థం 186 పికోమీటర్లు, క్లోరిన్‌ది 99. పెద్ద ఉండ సోడియం, చిన్న ఉండ క్లోరిన్. అయిపోయింది!" అందులో ఒక్క అంకె తప్పు లేదు. కొంప మునిగింది అక్కడే.

పొడుగున మూడు, వెడల్పున మూడు, ఎత్తున మూడు, వెరసి 27 ఉండలు. మూలలకి 8, ముఖాల మధ్యన 6, కలిపి 14 పెద్దవి. అంచుల మధ్యన 12, నట్టనడుమ ఒకటి, కలిపి 13 చిన్నవి. 7 సెంటీమీటర్లవి 16 తెచ్చారు (రెండు పాడవుతాయని అమ్మ ముందే చెప్పింది), 4 సెంటీమీటర్లవి 13. టూత్‌పిక్‌లు 27 సగానికి విరిస్తే 54 ముక్కలు. ఉండా ఉండా తగిలే చోట్లు కూడా సరిగ్గా 54.

తొమ్మిదింటికి మావయ్య ఊదారంగు స్ప్రే డబ్బా బయటికి తీశాడు. థర్మోకోల్ అంటే గాలి నింపిన పాలిస్టైరీన్. స్ప్రేలో ఉండే ద్రావకం దాన్ని ఉప్మాలో నెయ్యిలా కరిగించేస్తుంది. రెండు పెద్ద ఉండలు గుంటలు పడి, చూస్తుండగానే ముడుచుకుపోయాయి.

"మావయ్యా, సోడియం చిక్కిపోతోంది!"

ఉప్పులోని సోడియం గురించి ఆ పూట ఆ ఇంట్లో ఎవరైనా అన్న మొదటి నిజం అదే. ఎవరూ పట్టించుకోలేదు. పోస్టర్ కలర్లో కాస్త ఫెవికాల్ కలిపి (ఉత్త రంగు థర్మోకోల్‌కి అంటదు) మిగతా పెద్దవాటికి ఊదా, చిన్నవాటికి ఆకుపచ్చ పూశారు.

పదకొండింటికి ఘనం నిలబడింది. సోడియం పక్కన ప్లస్సు, క్లోరిన్ పక్కన మైనస్సు పెట్టి చీటీలు రాయడానికి అబ్బాయి పుస్తకం తెరిచాడు. ఉప్పులో ఉండేవి అయాన్లు. సోడియం అయాన్ (ఒక ఎలక్ట్రాన్ పోయిన సోడియం) 102. క్లోరైడ్ అయాన్ (ఒక ఎలక్ట్రాన్ చేరిన క్లోరిన్) 181. వాడి మొహం ఆకుపచ్చ ఉండలతో పోటీ పడింది.

సోడియంలో ఎలక్ట్రాన్లు 2, 8, 1 చొప్పున మూడు కర్పరాల్లో (పొరల్లో) ఉంటాయి. ఆ ఆఖరి ఒక్కడి కోసమే మూడో కర్పరం ఉంది, వరండాలో ఒంటరిగా పడుకునే తాతగారిలా. వాడు వెళ్లిపోతే వరండా మొత్తం పోతుంది. పైగా 11 ప్రోటాన్లూ మిగిలిన పదిమందినే లోపలికి లాగుతాయి. క్లోరిన్ కథ వేరు. అక్కడ వరండా కొత్తగా రాదు. ఏడుగురు సర్దుకున్న చాప మీదికే ఎనిమిదో చుట్టం దిగుతాడు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలి అందరూ దూరం జరుగుతారు. పట్టి ఉంచాల్సిన 17 ప్రోటాన్లేమో ఒక్కటీ పెరగవు.

బరువు చూస్తే నవ్వొస్తుంది. పోయిన ఎలక్ట్రాన్ సోడియం బరువులో సుమారు 42 వేలో వంతు. 70 కిలోల మనిషి గ్రామున్నర పైచిలుకు తగ్గితే ఒళ్లు (ఘనపరిమాణంలో) ఆరో వంతుకి దిగినట్టు. క్లోరిన్ లెక్కలో అయితే గ్రాము పైచిలుకు తిన్నవాడు ఆరింతలు ఊరినట్టు. (ఈ వ్యాసార్థాలన్నీ ఒకే టేపుతో కొలిచినవి కావు. 186 లోహంలోది, 99 క్లోరిన్ అణువులోది. అయినా తేడా చిన్నదేం కాదు.) లాగేది ప్రోటాన్లేనని నమ్మకం కుదరకపోతే, తలా పదే ఎలక్ట్రాన్లుండి ప్రోటాన్లు మాత్రం పెరుగుతూ పోయే అయాన్ల వరస చూడాలి: ఆక్సైడ్ 140, ఫ్లోరైడ్ 133, సోడియం 102, మెగ్నీషియం 72.

మరి తప్పు లెక్కతో కట్టిన ఘనం ఎక్కడా వంకర పోలేదేం? 186, 99 కలిపితే 285. 102, 181 కలిపితే 283. ఉప్పులో అసలు దూరం 282. యాదృచ్ఛికమే గానీ, కేంద్రాల మధ్య దూరం కొలిచి తప్పు పట్టుకుందామంటే దొరకదు.

"54 పుల్లలూ పీకాలి," అన్నాడు మావయ్య నీరసంగా.

"చీటీలు మార్చండిరా," అంది అమ్మ, పాలు తోడుపెడుతూ.

అక్షరాలా అంతే. ఉప్పులో ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియాలు. స్థానాలు అటూ ఇటూ చేసినా నిర్మాణం అదే. ఉండల్లో 4ని 7తో భాగిస్తే 0.57, అయాన్లలో 102ని 181తో భాగిస్తే 0.56. ఊదా సోడియందనీ ఆకుపచ్చ క్లోరిన్‌దనీ రివాజు ఉంది గానీ చట్టం లేదు. అదే కాల్షియం ఫ్లోరైడ్ అయితే ఒకదాని చుట్టూ ఎనిమిది, రెండోదాని చుట్టూ నాలుగు. అమ్మ చిట్కా పారేది కాదు.

దీపం ఆర్పబోతూ అబ్బాయి లెక్కపెట్టాడు. "మావయ్యా, క్లోరైడ్లు 14, సోడియాలు 13. ఒకటి తక్కువైంది!"

మావయ్య స్కూటర్ తాళం అందుకున్నాడు. గుమ్మం దాటేలోపు వాడే పేజీ తిప్పి ఆపాడు. స్ఫటికంలో ఇలాంటి ఘనాలే పక్కపక్కన పేర్చి ఉంటాయి. మూల ఉండ ఎనిమిది ఘనాల ఉమ్మడి ఆస్తి, ముఖం మీదిది రెండిటిది, అంచుది నాలుగిటిది. క్లోరైడ్ వాటా ఒకటీ మూడూ నాలుగు, సోడియం వాటా మూడూ ఒకటీ నాలుగు.

మావయ్య తాళం మేకుకి తగిలించాడు. "ఉమ్మడి ఆస్తి లెక్కలు నాకు చెప్పకురా. పదిహేనేళ్లుగా కోర్టులో ఉన్నాను."