షియా బటర్ నలుపును వదిలించే మందు కాదు

నిన్న సాయంత్రం విశాఖ ద్వారకానగర్‌లోని ఒక ఫ్యాన్సీ దుకాణంలో, ఇంటర్ చదువుతున్న మా అక్క కూతురు షియా బటర్ ఉందా అని అడిగింది. దానిది ఒత్తైన రింగుల జుట్టు. చివర్లు ఎండిపోయి చిక్కుపడుతున్నాయని అడిగిన వస్తువు అది. కౌంటరు వెనకనున్న ఆవిడ పిల్ల ముఖంలోకి ఒకసారి చూసి, డబ్బా తీసి బల్ల మీద పెట్టి, "నెల్రోజులు ముఖానికి రాసుకో అమ్మా, రంగొచ్చేస్తాది" అన్నది. జుట్టు గురించి అడిగిన పిల్లకు రంగు గురించి జవాబు. "వద్దులే పిన్నీ, పోదాం" అని అది నా చెయ్యి పట్టుకుని లాగింది. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడడం లేదు.

షియా బటర్ అంటే షియా చెట్టు గింజల నుంచి తీసే కొవ్వు. అది ఎవరి చేతుల మీదుగా వస్తుందో తెలిసినవారు ఎవరూ అలా మాట్లాడలేరు. షియా చెట్టు ఆఫ్రికాలో, సహారా ఎడారికి దిగువన పడమటి నుంచి తూర్పుదాకా సాగే గడ్డిభూముల్లో పెరుగుతుంది. ఘనా, బుర్కినా ఫాసో, మాలి, బెనిన్, నైజీరియా పల్లెల్లో రాలిన కాయలు ఏరేదీ, గింజలను ఉడికించి ఎండబెట్టేదీ, పెంకు కొట్టి పప్పును వేయించి నూరేదీ, ఆ ముద్దలో నీళ్లు పోస్తూ కొవ్వు తేలేదాకా చేతులతో గిలకొట్టేదీ ఆడవాళ్లే. ఎడారి మీదుగా వీచే హర్మటాన్ అనే పొడిగాలికి ఒళ్లు పగలకుండా తరతరాలుగా వాళ్లు దాన్ని పసిపిల్లలకు పట్టించారు, జుట్టుకు రాసుకున్నారు, వంటలోనూ వాడుకున్నారు. వాళ్ల చర్మం నల్లనిది, దానిని వాడినన్ని తరాలూ నల్లగానే నిగనిగలాడింది. నల్లని చర్మాన్ని పదిలంగా చూసుకోవడానికి నల్లని స్త్రీలు చేసుకున్న పదార్థాన్ని తెచ్చి, నలుపును వదిలించే మందుగా మన ఊళ్లో అమ్మడం ఆ స్త్రీలకూ మన పిల్లలకూ ఒక్కసారే చేసే అవమానం.

షియాలో ఉన్నది ప్రధానంగా ఓలియిక్, స్టియరిక్ ఆమ్లాలతో కూడిన కొవ్వు. అది చర్మం మీద పల్చని పొరగా నిలిచి లోపలి తేమ ఆరిపోకుండా ఆపుతుంది. అంతే తప్ప చర్మానికి రంగునిచ్చే మెలనిన్ జోలికి పోదు. కొత్త జుట్టును మొలిపించదు, సన్‌స్క్రీన్‌కు బదులుగా పనికిరాదు. పైగా నిన్నటి డబ్బా మీద పెద్ద అక్షరాలతో షియా అని ఉన్నా, వెనక పదార్థాల జాబితాలో మొదట నీళ్లు, తర్వాత మినరల్ ఆయిల్, ఎక్కడో చివర సువాసన ద్రవ్యం పక్కన బ్యుటైరోస్పెర్మమ్ పార్కీ అని కనిపించింది. లేబుళ్ల మీద షియా ఆ పేరుతోనే ఉంటుంది. ఒక శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది మన దేశపు నియమం కనుక, చివరన ఉన్నదాని వంతు ఎంతో ఊహించుకోవచ్చు. శుద్ధి చేయని షియా లేత పసుపు రంగులో, వేయించిన పప్పు వాసనతో ఉంటుంది. తెల్లగా ఏ వాసనా లేకుండా ఉన్నది శుద్ధి చేసినది.

అసలు సంగతి చెప్పి అమ్మితే ఇది మంచి వస్తువే. స్నానం చేసి ఒళ్లు ఇంకా తడిగా ఉన్నప్పుడు, శనగగింజంత ముద్దను అరచేతుల మధ్య కరిగించి మడమలకు, మోచేతులకు, ముంజేతులకు రాసుకుంటే ఆ నునుపు రోజంతా ఉంటుంది. రింగుల జుట్టుకైతే తలస్నానం తర్వాత తడి చివర్లకు మాత్రమే పట్టించాలి. మాడుకు వద్దు, చుండ్రు ఉన్నవారికి అసలే వద్దు, ఎందుకంటే చుండ్రుకు కారణమయ్యే ఫంగస్‌కు ఇటువంటి కొవ్వులే ఆహారం. మన విశాఖ ఉక్కపోతలో సన్నని, సాఫీగా ఉండే జుట్టుకు ఇది బరువై జిడ్డుగా వేలాడుతుంది. మే నెలలో డబ్బాలోనే మెత్తబడి, మళ్లీ నెమ్మదిగా గడ్డకట్టినప్పుడు ఇసుక పలుకుల్లా తగులుతుంది. అది చెడిపోయినట్టు కాదు, వేడినీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి పూర్తిగా కరిగించి వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ నునుపుదేలుతుంది.

ఇక్కడే మరొకటి చెప్పాలి. షియా చెట్టుదీ మన ఇప్పచెట్టుదీ ఒకే కుటుంబం. సపోటా, పొగడ కూడా అందులోవే. పాడేరు, అరకు వైపు గిరిజన స్త్రీలు ఇప్పగింజల నుంచి తీసే నూనె కూడా చలికి గడ్డకట్టేదే, ఒంటికీ జుట్టుకూ రాసుకునేదే. అటవీ ఫలసాయం కొనే గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది, దాని ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. అయినా ఇప్పనూనె అడిగితే మనలో చాలామంది ముఖం చిట్లిస్తారు. కొండమీది నల్లని మనుషులు రాసుకునేది మనకు మోటు. అదే రకం కొవ్వు ఓడ ఎక్కి వచ్చి అందమైన డబ్బాలో కూర్చుంటే మాత్రం విలువైనది.

నా కోపం నిన్న పుట్టినది కాదు. నా చిన్నతనంలో బడి వార్షికోత్సవపు నాట్యంలో నల్లగా ఉన్న పిల్లలందరినీ వెనక వరుసలో నిలబెట్టారు. నేనూ ఆ వరుసలోనే ఉన్నాను, ఎందుకని ఏ పెద్దవారూ అడగలేదు. ఇప్పుడు అదే పని పెళ్లిచూపులకు ముందు పార్లర్లలో జరుగుతోంది: రంగుకు బ్లీచింగ్, రింగుల జుట్టును సాఫీగా మార్చే స్మూతెనింగ్. ఆ స్మూతెనింగ్ మందుల్లో కొన్నింటిని వేడిచేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, దాన్ని పీల్చేది ఆ పిల్లలూ, అక్కడ పనిచేసే అమ్మాయిలూనూ. పిల్లను పార్లరుకు తీసుకువెళ్లే తల్లులను, అత్తలను, పిన్నులను నేను అడిగేది ఇదే: పిల్ల పొడిబారిన జుట్టు గురించి అడిగితే జుట్టు గురించే మాట్లాడండి, పిల్ల ఒంటి రంగు గురించి ఎవరైనా నోరు విప్పితే అక్కడికక్కడే, పిల్ల వినేలా, గట్టిగా కాదనండి.