వీధి వేడి లెక్క వార్డు కార్యాలయానికి చేరాలి

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి అమీర్‌పేటలో చూడండి. మెట్రో వంతెన నీడ జరిగినకొద్దీ పండ్ల తోపుడు బండ్లు కూడా జరుగుతుంటాయి. వాతావరణ కేంద్రం చెప్పేది గాలి ఆడే పెట్టెలో, నీడపట్టున ఉంచిన ఉష్ణమాపకం చూపే అంకె. బండివారి ఒంటిని కాల్చేది మాత్రం నెత్తిన పడే ఎండకు తోడు తారురోడ్డు, కాంక్రీటు గోడలు విడిచే సెగ. ఈ తేడాను వీధివారీగా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది. ఏ రోడ్డు వెడల్పు చేయాలో, ఏ చెట్టు ఉంచాలో తేల్చే బల్ల మీదికి ఆ లెక్క కూడా రావాలన్నది మా వాదన.

జర్మనీలోని హానోవర్‌లో రూపొందిన ‘పామ్’ అనే సాఫ్ట్‌వేర్ వీధుల్లో గాలి సుడులను సైతం లెక్కించగలదు, దాని సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. అయితే పెద్ద ప్రాంతానికి దాన్ని నడపాలంటే శక్తిమంతమైన కంప్యూటర్లు కావాలి. అలాంటి పనికే వాడే ‘ఎన్వీ-మెట్’ పూర్తి రూపానికి లైసెన్సు కొనాలి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్, బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ప్రధానంగా తీర్చిదిద్దిన ‘యూమెప్’ ఉచితం. క్యూజీఐఎస్ పటాల సాఫ్ట్‌వేర్‌లో ఇమిడి, మామూలు ల్యాప్‌టాప్‌పై పనిచేస్తుంది. భవనాల, చెట్ల ఎత్తులు, ఆనాటి వాతావరణ వివరాలు అందిస్తే, అందులోని ‘సోల్‌విగ్’ అనే భాగం ఏ గంటకు నీడ ఎక్కడ పడుతుందో, అక్కడ నిలుచున్న మనిషికి నలువైపుల నుంచి ఎంత వేడి తగులుతుందో చూపుతుంది.

అసలు చిక్కు ఆ ఎత్తుల దగ్గరే ఉంది. 2020లో భవన అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ టీఎస్-బీపాస్ వచ్చాక ఇళ్ల అనుమతులకు ప్లాన్లు ఆన్‌లైన్‌లోనే దాఖలవుతున్నాయి, వాటిలో భవనం ఎత్తు రాసే ఉంటుంది. యజమానుల పేర్లు, చిరునామాలు తొలగించి, పటంపై ఎత్తులను మాత్రం అందరికీ తెరిచి ఉంచితే ఏ కాలేజీ విద్యార్థి అయినా తన బస్తీ వేడిని లెక్కగట్టగలడు. ప్రజల సొమ్ముతో పోగైన సమాచారం ప్రజలకు అందకపోవడాన్ని మేము సమర్థించలేము.

రెండో అడ్డంకి భాష. ఆల్బెడో (ఎండను వెనక్కి కొట్టే గుణం), ఎమిసివిటీ (వేడిని బయటికి విడిచే గుణం) అని తెరపై అడిగితే తలపండిన ఇంజినీరు కూడా తడబడతారు. ‘ఈ గోడ ఎండను ఎంత వెనక్కి కొడుతుంది?’ అని తెలుగులో, ఉర్దూలో అడిగి, సున్నం, షాబాదు బండ, రేకు అని ఎంచుకోనిస్తే పని సులువవుతుంది. తెలంగాణ 2023లోనే చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. తెల్లని కప్పు కింద ఇల్లు చల్లబడుతుంది, అదే తెలుపు గోడకు వేస్తే ఎండ దారినపోయేవారి మీదికి మళ్లవచ్చు. డబ్బాల కొద్దీ రంగు కొనకముందే ఈ సంగతి తెలియడం ఎంతో మేలు.

సోల్‌విగ్‌ను తొలుత సరిచూసింది గోథెన్‌బర్గ్ వీధుల్లో. చలిదేశపు ఆ ఫలితాలను నమ్ముకుని ఇక్కడ నిర్ణయాలు చేయడం తగదు. వచ్చే మార్చిలోగా పాతబస్తీలో ఒక వార్డు, గచ్చిబౌలి వైపు ఒక వార్డు ఎంచుకుని, వేసవి అంతా కొలతలు తీసి, లెక్క ఎక్కడ తప్పిందో సహా బయటపెట్టే బాధ్యతను నగరపాలక యంత్రాంగం, ఇక్కడి విశ్వవిద్యాలయాలు కలిసి తీసుకోవాలి.