ఒంటి అంతస్తు దర్పం

లండన్ నడిబొడ్డున బిషప్స్‌గేట్ వీధిలో, ఆకాశహర్మ్యాల మధ్య ఒక్క అంతస్తుతో ఆగిపోయిన రాతి భవనం ఒకటుంది. ఇప్పుడు దాని పేరు గిబ్సన్ హాల్. జాన్ గిబ్సన్ అనే ఆర్కిటెక్ట్ 1865లో నేషనల్ ప్రావిన్షియల్ బ్యాంకు హెడ్డాఫీసుగా కట్టాడు.

అందరూ దాని స్తంభాల గురించే మాట్లాడతారు. నాకు మాత్రం పైన కట్టకుండా వదిలేసిన ఖాళీయే అసలు సంగతి అనిపిస్తుంది. అప్పుడు కూడా అక్కడ జాగా చౌకేం కాదు. పైన నాలుగు అంతస్తులు లేపి అద్దెకిచ్చుకోవచ్చు. లేపలేదు. అద్దె డబ్బులు మాకో లెక్కా అని ఊరందరికీ చెప్పడమే అది.

అలా చెప్పుకోవాల్సిన అవసరమూ ఉంది. 1833లో పుట్టిన ఈ బ్యాంకు, పేరుకు తగ్గట్టే, జిల్లాల బ్యాంకు. సొంత నోట్లు అచ్చేసుకునేది. నోట్లు జారీచేసే జాయింట్ స్టాక్ బ్యాంకులు, అంటే చాలామంది వాటాదారులు కలిసి పెట్టినవి, లండన్ చుట్టూ 65 మైళ్ల లోపు వ్యాపారం చేయకూడదని ఆనాటి చట్టం. హెడ్డాఫీసు లండన్‌లోనే, కానీ అక్కడ కౌంటర్ తెరవడానికి లేదు! చివరికి నోట్ల హక్కు వదులుకుని 1866లో రాజధాని వ్యాపారంలోకి దిగింది. అంటే ఇది పాత షావుకారు ఇల్లు కాదు, ఊళ్లోకి కొత్తగా దిగినవాడు కట్టిన ఇల్లు.

అలా చూస్తే శిల్పాలు కూడా అర్థమవుతాయి. వీధి పొడవునా భారీ కొరింథియన్ స్తంభాలు, అంటే తలల మీద ఆకుల చెక్కడాలున్నవి. వాటి మధ్య పలకల మీద సేద్యం, గనులు, ఓడల పని. పిట్టగోడ మీద బర్మింగ్‌హామ్, న్యూకాజిల్ లాంటి ఊళ్లకు ప్రతీకలుగా విగ్రహాలు. ఇవి కాస్త ఎక్కువయ్యాయనే నా అభిప్రాయం. కానీ జిల్లాల బ్యాంకు తన ఊళ్లను లండన్ నెత్తినెక్కించి నిలబెట్టిందనుకుంటే ముచ్చటగానే ఉంటుంది. లోపల పాలరాతి స్తంభాలు, పైన గాజు గుమ్మటాలు. పై అంతస్తు లేదు కాబట్టే నడి హాల్లోకి కూడా నేరుగా వెలుగు దిగుతుంది.

తెలుగులో పరపతి అంటే అప్పు పుట్టే శక్తి, పలుకుబడి కూడా. విక్టోరియా కాలపు బ్యాంకుకు ఆ రెండూ కలిపి కావాలి. అప్పట్లో డిపాజిట్లకు బీమా లేదు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నట్టు, జనం భవనం చూసి బ్యాంకును నమ్మాలి. అదే 1866 మే 10న, అక్కడికి దగ్గర్లోని లాంబార్డ్ వీధిలో డబ్బు వ్యాపారం చేసే ఓవరెండ్ గర్నీ సంస్థ సుమారు 1.1 కోట్ల పౌండ్ల బాకీలతో కుప్పకూలింది. మద్రాసు బీచ్ రోడ్డులో జనం డిపాజిట్లు తీసుకునే అర్బత్‌నాట్ కంపెనీ 1906లో మునిగినప్పుడూ అంతే, గొప్ప పేరు ఎవరి డబ్బునూ కాపాడలేదు. మన దేశంలో డిపాజిట్ బీమా 1962లో గానీ రాలేదు. ఇప్పుడది 5 లక్షల దాకా ఉంది కాబట్టి బ్యాంకు అద్దె మడిగెలో నడిచినా మనకు టెన్షన్ లేదు.

తర్వాత కాలంలో ఈ హాలును కూల్చి టవర్ కట్టాలన్న ఆలోచనా వచ్చింది. అభ్యంతరాలతో ఆగింది. హాలును వదిలేసి, పక్కనే 183 మీటర్ల నాట్‌వెస్ట్ టవర్ లేపారు. ఈ బ్యాంకు మరో బ్యాంకుతో కలిసి నాట్‌వెస్ట్ అయింది లెండి. దాన్ని పైనుంచి చూస్తే బ్యాంకు లోగోలా కనిపిస్తుంది, అది వీధిలో నడిచేవాడికెలా తెలుస్తుందో మరి! 1993 బాంబు పేలుడులో టవర్ బాగా దెబ్బతింది. తర్వాత బ్యాంకు దాన్ని అమ్మేసింది, పేరూ మారింది. పొట్టి హాలు మాత్రం పెళ్లిళ్లకు, విందులకు అద్దెకు దొరుకుతోంది.